ఊళ్లోనే ఉండి చేసే ఉద్యోగం

(ఒడిశాలోని బరంపురంలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, వెనక నిలబడి వింటున్న పిల్లలకు నమస్కారం.

ఇంటి దగ్గర నుంచి ఉద్యోగం చేయడంలో సుఖం ఏమిటి, అది ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న విషయం మీద మాట్లాడమన్నారు. అడగ్గానే ఒప్పుకున్నాను, ఎందుకంటే అది నా బతుకుతెరువు. హైదరాబాదులోని ఒక కంపెనీకి నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. 2020 లాక్‌డౌన్‌లో అందరిలాగే సామాను సర్దుకుని ఇల్లు చేరాను. ఆ తర్వాత కూడా ఇక్కడి నుంచే పనిచేస్తానని అడిగితే కంపెనీ సరేనంది. అప్పుడప్పుడు ఒక వారం వెళ్లి ఆఫీసులో కూర్చుని వస్తాను. మిగతా రోజులన్నీ మన బరంపురమే.

ఈ విషయం మీద పట్నాల్లో జరిగే చర్చ వేరు, మన దగ్గర జరగాల్సిన చర్చ వేరు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లకి ఇంటి నుంచి పని అంటే ట్రాఫిక్ బాధ తప్పడం. మనకి ఊరు వదిలే బాధ తప్పడం. ఈ రెండూ ఒక్కటి కావు. నేను ఈ రోజు చెప్పేదంతా ఈ తేడా గురించే.

గంజాం జిల్లా ఎప్పుడూ మనుషుల్ని బయటికి పంపిన జిల్లా. మన ముత్తాతల కాలంలో గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగూన్ వెళ్లేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు బర్మా నుంచి అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చినవాళ్ల కథలు ఇప్పటికీ ముసలివాళ్ల నోట వినపడతాయి. ఆ తర్వాత సూరత్. ఈ జిల్లా కుర్రాళ్లు లక్షల్లో అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. చదువుకున్నవాళ్లు భువనేశ్వర్, విశాఖపట్నం, హైదరాబాదు దారి పట్టారు. రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారు 1894లో ఈ ఊళ్లోనే పుట్టారు, చదువుకోసం ఐర్లండ్ వెళ్లారు, తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం బయటి ఊళ్లలోనే గడిచింది. మన పక్కనున్న పర్లాకిమిడిలో ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. గొప్పవాళ్ల సంగతి అలా ఉంచండి. మన వీధిలో లెక్కపెట్టుకుందాం. ఎన్ని ఇళ్లలో ఇద్దరు ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు? పండక్కి పిల్లలొస్తే రెండు రోజులు ముగ్గుంటుంది, తర్వాత వాకిలి ఊడ్చే మనిషి కూడా ఉండదు.

అలాంటి ఊళ్లో ఒక మనిషి పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని, పట్నం జీతం తెచ్చుకుని, సాయంత్రం కూరగాయల బజారుకి వెళ్తోందంటే అది చిన్న విషయం కాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ముందు సుఖాల గురించి చెప్తాను. వాటిని చెప్పుకోవడానికి మొహమాటపడే అవసరం లేదు.

హైదరాబాదులో ఉన్నప్పుడు ఆఫీసుకి వెళ్లడానికి గంటకు పైన, రావడానికి గంటకు పైన పట్టేది. ఆ సమయం ఇప్పుడు నా చేతిలో ఉంది. మా మామగారికి షుగర్. ఆయన ఇన్సులిన్ వేళకి, తిండి వేళకి నేను ఇంట్లో ఉంటాను. మధ్యాహ్నం వేడన్నం తింటాను. ఎండాకాలంలో అయితే చద్దన్నం, పక్కింటి ఒడియా వదినగారు పంపిన పఖాళ, అంటే వాళ్ల నీళ్లన్నం. మా అమ్మాయి బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచీ భుజం మీద ఉండగానే, గుమ్మంలో నిలబడి బళ్లో జరిగిందంతా చెప్పేస్తుంది. తల్లులందరికీ తెలిసిన విషయమే, పిల్లలు ఆ మాటలు ఆ క్షణంలోనే చెప్తారు. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి "ఇవాళ ఏం జరిగిందమ్మా" అని అడిగితే "ఏం లేదు" అంటారు.

పనిలో కూడా సుఖం ఉంది. దాని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు కాబట్టి చెప్తున్నాను. నా పని తప్పులు వెతకడం. ఒక బిల్లింగ్ ప్రోగ్రాం ఎక్కడ తప్పు లెక్క వేస్తోందో పట్టుకోవాలంటే రెండు మూడు గంటలు ఎవరూ కదిలించకుండా కూర్చోవాలి. పెద్ద హాల్లో వందమంది మధ్య, పక్కవాళ్ల ఫోన్లు వింటూ ఆ పని చేయడం కష్టం. మా ఇంట్లో వెనక గది ఉంది, కిటికీ బయట జామచెట్టు. పొద్దున్న తలుపు వేసుకుంటే పనిలో మునిగిపోతాను. ఇంత శ్రద్ధగా నేను ఆఫీసులో ఎప్పుడూ పనిచేయలేదు.

రెండేళ్లకోసారి మన బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర వస్తుంది కదా. పట్నంలో ఉన్నన్నాళ్లూ యాత్రకి సెలవు దొరికేది కాదు. అన్ని రోజులపాటు సాగే యాత్రకి ఏ మేనేజరు సెలవిస్తాడు? ఇప్పుడు సెలవే అక్కర్లేదు. పగలు పని, రాత్రి వీధిలో పులివేషాలు. వీధిలో ఎవరి ఇంట్లోనైనా పెళ్లి జరిగితే ఒక పూట సర్దుకుని పని చేసిపెట్టగలుగుతున్నాను. ఎవరైనా పోతే ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడగలుగుతున్నాను. ఊళ్లో మనిషిగా ఉండటం అంటే ఇదే కదా.

ఇంకో సంగతి డబ్బు గురించి. నా జీతం ఈ ఊళ్లో ఖర్చవుతోంది. హైదరాబాదు ఇంటి ఓనరుకి ఇచ్చే అద్దె ఇప్పుడు ఇక్కడి మేస్త్రీకి, ట్యూషన్ మాస్టారికి, కిరాణా కొట్టుకి, ఇన్వర్టర్ బాగుచేసే కుర్రాడికి వెళ్తోంది. ఒక్క మనిషి విషయంలో ఇది చిన్న మొత్తమే. ఇలాంటివాళ్లు ఊరికి కొన్ని వందల మంది ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇది లాక్‌డౌన్ తెచ్చిన వింత అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆలోచన పాతది. 1973లో అమెరికాలో జాక్ నిల్స్ అనే ఇంజనీరు, మనుషుల్ని పని దగ్గరికి తీసుకెళ్లే బదులు పనినే మనుషుల దగ్గరికి పంపవచ్చని లెక్కలు కట్టి చూపించారు. సరిగ్గా అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధరలు మండిపోయాయి, ఆ లెక్కలకి విలువ పెరిగింది. కానీ అప్పటి ఫోన్ లైన్లు, అప్పటి కంప్యూటర్లు ఆ భారం మోయలేకపోయాయి. ఇంటర్నెట్ ఇంటింటికీ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

మన ఊళ్లో అయితే ఇంకా పాతది. ఇంటి దగ్గర పనిచేయడం బరంపురానికి ఎవరూ కొత్తగా నేర్పలేదు. మన పట్టు నేత ఎక్కడ జరుగుతోంది? ఇళ్లలోనే. బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ అంచు మీద గుడి గోపురంలా ఉండే కుంభం డిజైను గుంట మగ్గం మీద, పడకగది పక్క గదిలో పుడుతుంది. అప్పడాలు, ఊరగాయలు అంటే రాష్ట్రమంతటా బరంపురం పేరే చెప్తారు. ఆ అప్పడాలు ఒత్తేది ఎవరు? మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక వసారాలో పీట వేసుకుని కూర్చునే అమ్మలు.

ఇక్కడ నేను కొంచెంసేపు ఆగుతాను. ఇంటి పని సుఖం మాత్రమే చెప్పి ఊరుకుంటే మగ్గం ఇళ్లు మనకు చెప్పే పాఠాన్ని వదిలేసినట్టవుతుంది.

ఒక పట్టుచీర నేస్తే కూలి ఎవరి పేరున వస్తుంది? మగ్గం మీద కూర్చున్న మనిషి పేరున. మరి పట్టుదారం చుట్టినవాళ్లు, కండెలు చేసినవాళ్లు, పడుగు పట్టినవాళ్లు, ఆ మనిషికి వేళకి అన్నం పెట్టినవాళ్లు? ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, బడి మానేసిన పిల్లలు. వాళ్ల పని లెక్కలోకి రాదు. 2019-20లో చేసిన చేనేత గణనలో దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత, అనుబంధ కార్మికులు తేలారు, నేతగాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లే. చీర మీద వాళ్ల పేరు ఎక్కడుంది? పని గడప లోపల జరిగితే ఆ పనికి వేళ ఉండదు, సెలవు ఉండదు, ప్రమాదం జరిగితే అడిగేవాడుండడు. ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునే నాకూ, మగ్గం మీద కూర్చునే మా వీధి పెద్దమ్మకీ జీతంలో చాలా తేడా ఉంది. ప్రమాదం మాత్రం ఒకే దారిన వస్తుంది. ఇంట్లో జరిగే పని బయటివాళ్ల కంటికి కనిపించదు. కనిపించని పనిని అందరూ తక్కువగా చూస్తారు.

నేను వచ్చిన కొత్తలో మా వీధిలో ఒక పెద్దావిడ అడిగింది: "ఏటమ్మా, ఇంట్లోనే ఉంటన్నావట, ఉద్యోగం పోయిందేటి?" ఆవిడ ప్రేమగానే అడిగింది. చాలా ఇళ్లలో ఆ అనుమానం ప్రేమగా కాకుండా పనిగా మారుతుంది. గ్యాస్ బండ వస్తే నువ్వు చూడు, చుట్టాలొస్తే నువ్వు కాఫీ పెట్టు, బ్యాంకుకి నువ్వెళ్లు, "ఇంట్లోనే ఉన్నావుగా". ఈ ఒక్క మాట ఇంటి నుంచి పనిచేసే కోడళ్ల ప్రాణం తీస్తుంది. జనం రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో చూడటానికి 2019లో ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. 299 నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు. దానిపైన ఎనిమిది గంటల ఉద్యోగం పెట్టి చూడండి. ఆ రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనిషి మీద పడితే ఇంతసేపూ నేను చెప్పిన సుఖాలేవీ ఆ మనిషి దాకా చేరవు.

అందుకే ఇక్కడున్న అత్తగార్లనీ మామగార్లనీ బావగార్లనీ చేతులు జోడించి అడుగుతున్నాను. గది తలుపు వేసి ఉంటే ఆ పిల్ల ఆఫీసులో ఉన్నట్టే అనుకోండి. మా అత్తగారు మొదటి నెల కష్టపడ్డారు, తర్వాత ఆవిడే కాపలా కాశారు. ఎవరైనా వస్తే "మా కోడలు ఆఫీసులో ఉంది, ఒంటిగంటకి వస్తుంది" అని చెప్పేవారు. మా ఆయనకి బజార్లో బట్టల కొట్టుంది. పొద్దుటి టిఫిన్, పిల్లని బడికి దింపడం ఆయన వంతు. ఈ పంపకం జరగకపోతే నేను ఇవాళ మీ ముందు నిలబడి ఇంటి పని గొప్పదని చెప్పేదాన్నే కాదు.

ఇంటి నుంచి చేస్తే పని తగ్గుతుందా, పెరుగుతుందా అన్న ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. దీని మీద గట్టి పరిశోధన ఉంది. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు చైనాలోని ట్రావెల్ కంపెనీ సీట్రిప్‌లో 2010లో ప్రయోగం మొదలుపెట్టారు. కాల్‌సెంటర్ ఉద్యోగులు కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి, మిగతావాళ్లని ఆఫీసు నుంచి తొమ్మిది నెలలు పనిచేయించారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. కంపెనీలు గొప్పగా చెప్పుకునేది ఇంతవరకే. కానీ ఆ ప్రయోగంలో ఇంకో మూడు సంగతులున్నాయి. అందులో చేరాలంటే ఇంట్లో తనకంటూ ఒక గది, మంచి ఇంటర్నెట్ ఉండాలన్నారు. అంత పనిచేసినా, ఇంటి నుంచి చేసినవాళ్లకి వాళ్ల పనితనానికి తగ్గట్టు ప్రమోషన్లు రాలేదు. తొమ్మిది నెలలయ్యాక ఏం చేస్తారని అడిగితే దాదాపు సగం మంది ఆఫీసుకి వెళ్లిపోతామన్నారు, ఒంటరితనం పెద్ద కారణం.

అదే కంపెనీలో 1600 మందికి పైగా ఉద్యోగులతో ఇంకో ప్రయోగం చేశారు, దాని ఫలితాలు 2024లో వచ్చాయి. ఈసారి వారానికి రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు. పనిలో, ప్రమోషన్లలో తేడా ఏమీ రాలేదు, మానేసేవాళ్లు మూడోవంతు తగ్గారు. ముందు దీన్ని వద్దన్న మేనేజర్లు కూడా చివరికి మనసు మార్చుకున్నారు.

ప్రమోషన్ సంగతి నా అనుభవం కూడా. నాతో చేరినవాళ్లు ఒక మెట్టు పైకి వెళ్లారు, నా పేరు ఒక ఏడాది వెనక్కి పోయింది. కారణం అడిగితే "మీరు ఇక్కడ కనపడరు కదా" అన్నారు. నా రిపోర్టులన్నీ వాళ్ల కంప్యూటర్లోనే ఉన్నాయి. అప్పటి నుంచి నేను చేసిన పనంతా వారం వారం రాసి పంపుతున్నాను. ఇంటి నుంచి చేసే పిల్లలందరికీ ఇదే చెప్తాను. మీ పని మాట్లాడదు, దాని గురించి మీరే మాట్లాడాలి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

కంపెనీలు మనసు మార్చుకుంటాయన్న భయం కూడా ఉంది. ఉత్తి భయం కాదు. 2013లోనే యాహూ కంపెనీ ఇంటి పనికి స్వస్తి చెప్పింది. మన దేశంలో టీసీఎస్ 2025 నాటికి పాతిక శాతం మందే ఆఫీసులో ఉంటే చాలని 2020లో చెప్పి, 2023 అక్టోబరులో వారానికి ఐదు రోజులూ రమ్మంది. కాబట్టి ఎవరో ఇష్టపడి ఇచ్చిన వెసులుబాటు మీద ఊరి భవిష్యత్తు కట్టుకోలేం. దానికి చట్టం కావాలి.

చట్టంలో కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవుని 26 వారాలకి పెంచినప్పుడు, ఆ సెలవు తర్వాత పని స్వభావాన్ని బట్టి, యజమానితో ఒప్పందం మీద ఇంటి నుంచి చేసుకోవచ్చని రాశారు. ఇక్కడున్న కొత్త తల్లుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? నియామక సమయంలో దీన్ని చెప్పడం కూడా యజమాని బాధ్యతే. కాల్‌సెంటర్ తరహా కంపెనీలకి ఇంటి నుంచి పని చేయించాలంటే ఇంతకుముందు బోలెడు షరతులుండేవి, 2020 నవంబరులో టెలికాం శాఖ వాటిని ఎత్తేసింది. 2022 జూలైలో సెజ్‌ల, అంటే ప్రత్యేక ఆర్థిక మండళ్ల, నిబంధనల్లో కూడా దీనికి చోటిచ్చారు. ఇవన్నీ కంపెనీకి వీలు కల్పించేవి. ఉద్యోగికి హక్కు ఇచ్చేది ప్రసూతి సెలవు గురించి రాసిన ఆ ఒక్క ముక్కే, అదీ ఒప్పందం కుదిరితేనే.

బయటి దేశాలు ఇంకొంచెం ముందుకెళ్లాయి. ఫ్రాన్సులో 2017 నుంచి పని వేళ దాటాక ఫోను, మెయిలు పట్టించుకోనక్కర్లేని హక్కుని చట్టంలో పెట్టారు. పోర్చుగల్ 2021లో ఇంకో అడుగు వేసింది. విశ్రాంతి వేళల్లో యజమాని ఉద్యోగిని కదిలించకూడదు, ఇంటి పనివల్ల పెరిగే కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు యజమానే భరించాలి అంది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలేగారు ఇలాంటి హక్కు కోసం ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఇళ్లలో పనిచేసే కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒక ఒప్పందం చేసింది, మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. మనకి ఇది చేతకాక కాదు. 1966లో బీడీ కార్మికుల కోసం చేసిన చట్టం, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడమనిషిని కూడా కార్మికురాలిగానే గుర్తించింది. ఆరు దశాబ్దాల కింద బీడీ చాటలో చూడగలిగిన కార్మికురాలిని ఇవాళ ల్యాప్‌టాప్ ముందు, అప్పడాల పీట ముందు చూడలేమా? బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్న గిరిగారు పుట్టిన ఊరిది. ఈ కోరిక ఇక్కడి నుంచే వినపడాలి.

ఇక కరెంటు, ఇంటర్నెట్ సంగతి. పట్నంవాళ్లకి పట్టని విషయం, మనకి ప్రాణం లాంటిది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత మన జిల్లాలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి, అటు శ్రీకాకుళాన్నీ ఇటు గజపతి జిల్లానీ ముంచింది. అక్టోబరు వస్తే మన తీరానికి ఈ గండం ఉంటుంది. ఇంటి ఉద్యోగాన్నే నమ్ముకున్న ఊరికి కరెంటు స్తంభం అంటే ఫ్యాక్టరీ గేటు. భూమి కింద నుంచి కేబుల్ వేయమని, తుఫాను తర్వాత ఆసుపత్రులతో పాటు టవర్లకి కూడా ముందుగా కరెంటు ఇవ్వమని మనం అడగాలి.

మన వంతు మనం చేసుకునేది కూడా ఉంది. చాలామంది నన్ను అడుగుతుంటారు కాబట్టి లెక్క చెప్తాను. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టుల మీద 1800 వాట్ అవర్లు. పోయేది పోగా 1400 చేతికొస్తుంది. ల్యాప్‌టాప్‌కి 60 వాట్లు, రౌటర్‌కి 10, ఫ్యానుకి 70 వేసుకోండి. మొత్తం 140. అంటే మంచి బ్యాటరీ అయితే పది గంటలు వస్తుంది, ఒక పని రోజు గడిచిపోతుంది. టీవీ, మిక్సీ దాని మీద పెట్టకండి. ఇంటర్నెట్ కనెక్షను తీసుకునేటప్పుడు డౌన్‌లోడ్ స్పీడే కాదు, అప్‌లోడ్ స్పీడు కూడా అడగండి, మీటింగులో మన బొమ్మ, మన గొంతు వెళ్లేది దాని మీదే. రోడ్డు తవ్వి కేబుల్ తెగినప్పటి కోసం ఇంకో కంపెనీ సిమ్ము దగ్గరుంచుకోండి.

ఈ మాటలన్నీ ఒక గది ఉన్న మనిషి మాటలు. అది నాకు తెలుసు. 2020లో నేను వెనక గదిలో కూర్చుని జీతం తీసుకుంటున్న నెలల్లోనే, సూరత్ నుంచి మన జిల్లా కుర్రాళ్లు వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైళ్లలో దిగారు. జీతం లేదు, చేతిలో ఒక సంచీ. ఊరి బళ్లలో క్వారంటైన్. మరమగ్గాన్ని ఎవరూ ఇంటికి మోసుకురాలేరు. పరిస్థితి కుదుటపడగానే మళ్లీ అదే రైలెక్కారు. ఇంటి నుంచి పని అందరి కష్టం తీరుస్తుందని చెప్తే వాళ్లకి అన్యాయం చేసినట్టే. కానీ వాళ్ల పిల్లల విషయంలో మనం చేయగలిగింది ఉంది.

మన సరిహద్దు పిల్లలకి ఒక ఆస్తి ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బళ్లో ఇంగ్లీషు, టీవీలో హిందీ. పదేళ్ల పిల్ల కూడా ఒక భాషలోంచి ఇంకో భాషలోకి ఆగకుండా దూకుతుంది. దాన్ని మనం ఇన్నాళ్లూ చదువుగా లెక్కపెట్టలేదు. ఇవాళ దానికి కూలి కట్టే పనులున్నాయి. ఒడియా, తెలుగు రెండిట్లో కస్టమర్లతో మాట్లాడే పని, వీడియోలకి సబ్‌టైటిల్స్, బ్యాంకు ఫారాల అనువాదం, జీఎస్టీ రిటర్నులు, ఆసుపత్రి రికార్డుల్ని కోడ్‌లుగా రాసే మెడికల్ కోడింగ్. కృత్రిమ మేధ వచ్చి వీటిలో కొన్నిటిని తినేస్తుందన్నది నిజం. ఉత్తగా టైపు చేసే పని, బట్టీ సమాధానాలు చెప్పే పని నిలవవు, పిల్లల్ని వాటికోసం తయారుచేయకండి. కానీ ఆ యంత్రాలకి మన భాషలు నేర్పాలన్నా, అవి చెప్పింది సరిగా ఉందో లేదో చూడాలన్నా పుట్టి పెరిగిన చెవి కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి అనే భాషల కార్యక్రమం ఈ పనే చేస్తోంది. పర్లాకిమిడి కొండల్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలకి కూడా ఇందులో చోటుంది. గిడుగువారు సవర నేర్చుకోవడానికి ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకుని, ఏళ్ల తరబడి కూర్చుని, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఇంట్లో కూర్చుని చేసిన పని ఎంత గొప్పదవుతుందో మన ప్రాంతం అప్పుడే చూసింది.

పిల్లలూ, మీకొక హెచ్చరిక. ఇంటి నుంచి ఉద్యోగం ఇస్తామని ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అది మోసమే. వీడియోలకి లైకులు కొట్టమని మొదట రెండు మూడు వందలు ఇచ్చి, తర్వాత పెద్ద మొత్తం కట్టమన్నా మోసమే. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు, డబ్బు అడగడు. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చివరగా సభ పెద్దలకి ఒక కోరిక. ఈ భవనంలో పై అంతస్తు పెళ్లిళ్లప్పుడు తప్ప తాళం వేసే ఉంటుంది. అక్కడ పది బల్లలు, రెండు కంపెనీల ఇంటర్నెట్, ఒక పెద్ద ఇన్వర్టర్, ఆడపిల్లలకి శుభ్రమైన బాత్రూమ్ పెట్టిద్దాం. ఒక్క గదిలో ఆరుగురుండే ఇంటి పిల్ల పొద్దున్నే ఇక్కడికి వచ్చి పనిచేసుకుంటుంది. నాలాంటివాళ్లం కూడా వారానికి రెండు రోజులు ఇక్కడే కూర్చుంటాం. ఒంటరితనం తగ్గుతుంది, కొత్తవాళ్లకి పని నేర్పడానికి వీలవుతుంది. ఒడియా పిల్లలకి, తెలుగు పిల్లలకి ఒకటే తలుపు ఉండాలి. నెలకి ఎంత ఖర్చవుతుందో లెక్క రాసి తెచ్చాను. నా వంతుగా మొదటి ఏడాది ఇంటర్నెట్ బిల్లు నేను కడతాను. బల్లలు ఎవరు ఇస్తారో, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో ఇవాళే తేల్చుకుందాం. మీ ప్రశ్నలు ఏవైనా ఉంటే అడగండి.